నొప్పుల కోసం ఆగాలా, మందుతో రప్పించాలా, నేరుగా ఆపరేషనా? ఖర్చుతో కలిపి ఒక పోలిక

2019లో నా కాన్పుకు 92 వేలు అయింది. 2022లో మా చెల్లి కాన్పుకు రానుపోను ఆటోలు, మాతో ఉన్నవాళ్ల భోజనాలు అన్నీ కలిపినా ఆరు వేలు దాటలేదు. ఇద్దరికీ తొలి కాన్పే. ఇద్దరికీ మందుతోనే నొప్పులు రప్పించారు. నాది ప్రైవేటు నర్సింగ్ హోమ్, చివరికి పెద్దాపరేషన్ అయింది. తనది జిల్లా కేంద్రంలోని సర్కారు దవాఖాన, నార్మల్ అయింది.

ఇది చదివి ప్రైవేటు చెడ్డది, గవర్నమెంటు మంచిదని అనుకోకండి. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు అర్థమైన తేడా వేరు. నాకు నొప్పులు రప్పించే మొదటి జెల్ పెట్టినప్పటి నుంచి ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లేదాకా 21 గంటలు. చెల్లికి నొప్పుల ప్రక్రియ మొదలుపెట్టినప్పటి నుంచి పాప పుట్టేదాకా 38 గంటలు. ఆస్పత్రిని ఎంచుకునేటప్పుడు మనం ప్యాకేజీ ధర అడుగుతాం, ఏసీ గది ఉందా అని అడుగుతాం. నొప్పులు నెమ్మదిగా వస్తే మీరు ఎంతసేపు ఆగుతారని అడగం. బిల్లు ఎంతవుతుందో, కాన్పు ఎలా అవుతుందో ఎక్కువగా తేల్చేది ఆ ప్రశ్నకు వచ్చే జవాబే.

నా సంగతి ముందు చెప్తాను. 39 వారాల 2 రోజులు. ఆ రోజు స్కాన్‌లో ఉమ్మనీరు కొలత 7 వచ్చింది. "నీరు కొంచెం తక్కువగా ఉంది, రిస్క్ ఎందుకు, సాయంత్రం అడ్మిట్ అయిపోండి" అన్నారు. ఆ మాట విన్నాక ఏ తల్లీ ఎదురు ప్రశ్న వేయదు. నేనూ వేయలేదు. రాత్రి ఏడింటికి జెల్, అర్ధరాత్రి దాటాక ఇంకోటి, తెల్లవారి సెలైన్‌లో నొప్పుల మందు. మధ్యాహ్నం నాలుగింటికి "గర్భసంచి ముఖద్వారం రెండు సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది, పెరగడం లేదు" అన్నారు. అప్పటికి నా ఉమ్మనీటి సంచి కూడా పగల్లేదు. ఉమ్మనీరు 5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటేనే తక్కువ అని లెక్కిస్తారనీ, 7 అంటే జాగ్రత్తగా మళ్లీ చూసుకోవాల్సిన అంకె మాత్రమేననీ నాకు చాలా నెలల తర్వాత తెలిసింది.

ఆగడం

డాక్టర్ రాసిచ్చిన డేట్ అంటే చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు, అంటే సరిగ్గా 40 వారాలు. అది గడువు తేదీ కాదు. ఆ తేదీనే కాన్పయ్యేవాళ్లు తక్కువ. 39 వారాల నుంచి 40 వారాల 6 రోజుల దాకా పూర్తి నెలలే. తల్లికి బీపీ, షుగర్ లేకుండా, బిడ్డ కదలికలు, ఎదుగుదల బాగుంటే 41 వారాల దాకా ఆగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా నొప్పులు రప్పించమని చెప్పేది 41 వారాలు నిండినవాళ్లకే. ఏ సమస్యా లేకుండా అంతకంటే ముందు చేయమని చెప్పదు.

అలాగని 41 దాటాక కూడా "దేవుడిచ్చినప్పుడే" అని కూర్చోవద్దు. స్వీడన్‌లో 2,760 మంది గర్భిణులతో 41 వారాలకు నొప్పులు రప్పించడాన్ని, 42 దాకా ఆగడాన్ని పోల్చి చూశారు. ఆగిన గుంపులో ఆరుగురు బిడ్డలు చనిపోయారు, నొప్పులు రప్పించిన గుంపులో ఒక్కరూ పోలేదు. ఆ పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. అందుకే నా చెల్లికి 41 నిండగానే అడ్మిట్ అవ్వమంటే ఇంట్లో ఎవరం వద్దనలేదు.

ఇక్కడ మన దగ్గర ఒక పెద్ద చిక్కు ఉంది. అసలు ఎన్ని వారాలన్నదే తప్పు లెక్క అవుతుంది. నెలసరి తేదీ సరిగ్గా గుర్తులేకపోతే మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ తేదీయే నమ్మదగినది. ఎనిమిదో, తొమ్మిదో నెల స్కాన్‌లో మిషన్ చూపించే డేట్ రెండు మూడు వారాలు అటూఇటూ కావచ్చు. కొత్త స్కాన్‌లో డేట్ ముందుకు వచ్చిందని కంగారుపడి అడ్మిట్ అయినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఇద్దరున్నారు. ఆ స్కాన్ బిడ్డ సైజు చూడటానికే గానీ, తేదీ మార్చడానికి కాదు.

ఆగడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. వారానికి ఒకటి రెండు చెకప్‌లు, బిడ్డ గుండె చప్పుడు చూసే పరీక్ష, ఒక స్కాన్. కాకపోతే ఆ రోజుల్లో ఇంట్లో టెన్షన్ ఎంతుంటుందో నాకు తెలుసు. పక్కింటివాళ్లు, చుట్టాలు రోజూ ఫోన్ చేసి "ఇంకా కాలేదా" అంటుంటారు. ఫోన్ అమ్మ చేతికి ఇచ్చేయండి.

మందుతో నొప్పులు రప్పించడం

కారణం గట్టిదైతే ఇది మంచి దారి, భయపడాల్సిన పనిలేదు. బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోవడం, షుగర్‌కు మందులు వాడుతుండటం, నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోవడం, బిడ్డ ఎదుగుదల ఆగిపోవడం, కాన్పు నెలల్లో ఒళ్లంతా దురదతో లివర్ పరీక్షలు తేడా రావడం, 41 వారాలు నిండటం. ఇలాంటివి ఉంటే ఖర్చు లెక్క పక్కన పెట్టి డాక్టర్ చెప్పింది వినండి. బీపీ విషమిస్తే 37 వారాలకే, ఒక్కోసారి అంతకంటే ముందే చేయాల్సి రావచ్చు, అది సబబే.

మన ఊళ్లలో ఎక్కువగా వినిపించే మూడు మాటలు మాత్రం కాస్త నిలబడి వినాలి. ఒకటి, "పేగు మెడకు చుట్టుకుంది". దాదాపు ప్రతి నలుగురైదుగురు పిల్లల్లో ఒకరికి పుట్టేటప్పుడు అలా ఉంటుంది, చాలామంది నార్మల్‌గానే పుడతారు. అదొక్కటే కారణం కాదు. రెండోది, "బేబీ వెయిట్ ఎక్కువ". స్కాన్ చెప్పే బరువు పది, పదిహేను శాతం అటూఇటూ అవుతుంది. మూడోది నాకు చెప్పినది, ఉమ్మనీరు. దాన్ని రెండు రకాలుగా కొలుస్తారు. నాలుగు వైపులా కొలిచి కూడితే ఒక అంకె వస్తుంది, నాకు చెప్పిన 7 అలాంటిదే. అన్నిటికంటే లోతైన ఒక్క చోట కొలిస్తే ఇంకో అంకె. మొదటి పద్ధతిలో "నీరు తక్కువ" అని ఎక్కువమందికి తేలుతుంది, నొప్పులు రప్పించడాలు, ఆపరేషన్లు పెరుగుతాయి, బిడ్డలకు మాత్రం అదనంగా మేలు కనిపించలేదని ఆ రెండిటినీ పోల్చిన పరిశోధనలు చెప్తున్నాయి. "ఒక్క చోట లోతు ఎంతుంది మేడమ్?" అని అడగండి. 2 సెంటీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉంటే "రెండు రోజులాగి మళ్లీ చూడొచ్చా?" అని అడిగే హక్కు మీకుంది.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి. గర్భసంచి ముఖద్వారం సిద్ధంగా ఉందా? ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తబడింది, ఏ వైపు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత దిగింది అనే ఐదింటికి మార్కులు వేస్తారు. దాన్ని బిషప్ స్కోర్ అంటారు, మొత్తం 13. ఎనిమిది దాటితే మందు పెట్టినా, పెట్టకపోయినా నార్మల్ అవకాశాలు దాదాపు ఒకటే. ఆరు, అంతకంటే తక్కువైతే ముందు ముఖద్వారాన్ని మెత్తబరచాలి, దానికే ఒక రాత్రో పగలో పడుతుంది. నా ఫైల్‌లో ఆ మార్కులు ఎక్కడా లేవు. చెల్లి కేస్ షీట్‌లో మొదటి పేజీలోనే 3 అని ఉంది. అందుకే వాళ్లు ముందే చెప్పారు, "అమ్మా, ఇది రేపు సాయంత్రం దాకా పట్టొచ్చు, కంగారు పడొద్దు" అని. ఆ ఒక్క మాట మా అందరినీ నిలబెట్టింది.

వాడే పద్ధతుల ధరల్లోనూ తేడా ఉంది. మూత్రానికి వాడే ఫోలీ గొట్టాన్నే ముఖద్వారంలో పెట్టి చివరి బుడగను సెలైన్‌తో ఉబ్బిస్తారు. చాలా చౌక, మందు కాదు కాబట్టి బిడ్డ గుండె మీద ఒత్తిడి తక్కువ. మిసోప్రోస్టాల్ మాత్ర కూడా చౌకే. 25 మైక్రోగ్రాముల చొప్పున రెండు గంటలకోసారి నోటితో ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. జెల్ వీటికంటే ఖరీదు, ఫ్రిజ్‌లో పెట్టాలి. ఈ మొదటి రెండిటినీ నాగపూర్‌లో సర్కారు ఆస్పత్రుల్లో బీపీ ఉన్న 602 మంది మీద పోల్చారు, 2017లో ఫలితం వచ్చింది. 24 గంటల్లో మామూలు కాన్పు మాత్ర వేసినవాళ్లలో 57 శాతానికి, ఫోలీ పెట్టినవాళ్లలో 47 శాతానికి అయింది. ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఇంకోటుంది. బాగా చేసిన చోట కూడా ఒక రోజులో మామూలు కాన్పు కానివాళ్లు సగానికి దగ్గర. కాబట్టి ఇవాళ సాయంత్రం పెట్టి రేపు మధ్యాహ్నానికి "ఫెయిల్" అనేయడం తొందర. ఉమ్మనీటి సంచి పగిలాక నొప్పుల మందు కనీసం 12 నుంచి 18 గంటలు ఎక్కించి చూడాలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మార్గదర్శకాలు. తల్లీబిడ్డా బాగున్నప్పుడు మాత్రమే, బిడ్డ గుండె చప్పుడు తగ్గితే ఒక్క నిమిషం ఆగకూడదు.

2018లో అమెరికాలో ఆరు వేల మందికి పైగా తొలిచూలు తల్లులతో చేసిన పెద్ద పరిశోధనను కొందరు డాక్టర్లు చెప్తారు. ఏ సమస్యా లేకపోయినా 39 వారాలకు నొప్పులు రప్పిస్తే సిజేరియన్లు 22.2 నుంచి 18.6 శాతానికి తగ్గాయని. నిజమే. కానీ అక్కడ ముఖద్వారం సిద్ధంగా లేనివాళ్లకు కూడా గంటల తరబడి ఓపిగ్గా ఆగారు. ఆ ఓపిక లేకుండా 39 వారాల అంకెను మాత్రమే తెచ్చుకుంటే ఆ ఫలితం రాదు.

నేరుగా ఆపరేషన్

మాయ కిందికి ఉండి దారికి అడ్డం పడటం, బిడ్డ అడ్డం తిరగడం, ఇదివరకు రెండు ఆపరేషన్లు అయి ఉండటం వంటివాటికి సిజేరియన్ ప్రాణం కాపాడుతుంది. వాటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది ముహూర్తం గురించి. మన తెలుగు ఇళ్లలో నక్షత్రం చూసి టైము రాయించుకుని వెళ్లడం మామూలైపోయింది. 37, 38 వారాల్లో మంచి రోజుందని కోయించుకుంటే ఊపిరితిత్తుల్లో నీరు ఆరక బిడ్డ ఆయాసపడొచ్చు, అప్పుడు ఎన్ఐసీయూ, అంటే పసిబిడ్డల ఐసీయూ. ప్రైవేటులో దానికి రోజుకు వేలల్లో బిల్లు, పుట్టిన మూడో రోజు దాకా తల్లి బిడ్డను చూడలేకపోవడం. ఎంత మంచి ముహూర్తమైనా 39 వారాలకు ముందుది వద్దని జ్యోతిష్యుడికే చెప్పండి. ఆయన వేరే రోజు చూస్తారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో దేశంలో సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో మాత్రమే చూస్తే 81.5. అంటే ప్రైవేటులో అడుగుపెట్టిన ప్రతి ఐదుగురిలో నలుగురికి ఆపరేషనే. ఆంధ్రాలో ప్రైవేటులో 63 శాతం. తెలంగాణ సర్కారు ఆస్పత్రుల్లో కూడా 44.5 శాతమని మరచిపోవద్దు, సర్కారు అంటే నార్మల్ అని రాసిపెట్టి లేదు.

ఆపరేషన్ ధరను ఒక్క కాన్పుకే లెక్కేయకండి. మొదటిది ఆపరేషన్ అయితే రెండోది నార్మల్‌గా ప్రయత్నించే ఆస్పత్రి మన జిల్లాల్లో దొరకడం కష్టం. ప్రయత్నించినవాళ్లలో 60 నుంచి 80 శాతం మందికి అవుతుందని తెలిసినా, కుట్టు విడిపోతే ఎమర్జెన్సీ కాబట్టి రాత్రీపగలూ థియేటర్, మత్తు డాక్టర్, రక్తం ఉన్నచోటే చేయాలి. పాత కుట్టు ఉన్నవాళ్లకు మిసోప్రోస్టాల్ అసలు వాడకూడదు. నా రెండో కాన్పు గురించి ఇంట్లో మాట వచ్చిన ప్రతిసారీ మేం లెక్కేసేది ఇంకో ఆపరేషన్ బిల్లునే.

ఏ ఆస్పత్రి, ఎంత

నా బిల్లు ఇలా పెరిగింది. మొదట చెప్పిన నార్మల్ ప్యాకేజీ 35 వేలు. ఆపరేషన్ అయ్యాక ప్యాకేజీ 60 వేలు. దాని మీద లేబర్ రూమ్, మానిటర్ 6,000. ముందు రాత్రి గది 2,500. ప్యాకేజీలో లేని మందులు, జెల్‌తో కలిపి 11,500. బాబును ఒక రాత్రి పరిశీలనలో ఉంచినందుకు 9,000. పిల్లల డాక్టర్ 3,000. నొప్పులు రప్పించడం ఫలించకపోతే మనం రెండు కాన్పుల ఖర్చూ కడతాం, ఇటు లేబర్ రూమ్, అటు థియేటర్. అందుకే అడ్మిట్ అయ్యేముందు బిల్లింగ్ కౌంటర్‌లో ఇలా అడగండి: "నొప్పులు రప్పించి చివరికి ఆపరేషన్ అయితే మొత్తం ఎంత? ముందు రాత్రి గది, జెల్, మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్ ఇందులో ఉన్నాయా?" జవాబును కాగితం మీద రాసివ్వమనండి.

సర్కారు ఆస్పత్రిలో 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద కాన్పు, ఆపరేషన్, మందులు, స్కాన్లు, రక్తం, రాకపోకలు అన్నీ ఉచితం. నార్మల్ అయితే మూడు రోజులు, ఆపరేషన్ అయితే ఏడు రోజులు భోజనం కూడా. ఇంటికి దింపే 102 బండి ఉంది. ఆశమ్మను ముందే కలిసి రాష్ట్ర పథకాలకు పేరు రాయించండి, నియమాలు మారుతుంటాయి కాబట్టి ఆమె దగ్గరే తాజా సంగతి ఉంటుంది. ఇబ్బందులూ చెప్పాలి. చెల్లికి మొదటి రాత్రి ఒక మంచం మీద ఇద్దరు. లేబర్ రూమ్‌లోకి భర్తను గానీ, అమ్మను గానీ రానివ్వలేదు. వెన్నులో ఇచ్చే నొప్పి తగ్గించే ఇంజెక్షన్ లేదు. వార్డులో చేయి చాచినవాళ్లూ ఉన్నారు, ఆరు వేలలో అదీ ఉంది. అయినా రాత్రంతా ఒక సీనియర్ సిస్టర్ గంటగంటకూ వచ్చి చూసింది, నడిపించింది, ఓపిగ్గా మాట్లాడింది. తెలంగాణలో 2017 నుంచి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఇస్తున్నారు, అలాంటివాళ్లు ఉన్న ఆస్పత్రి మీకు దగ్గరలో ఉందేమో కనుక్కోండి.

నన్ను సలహా అడిగితే ఇలా చెప్తాను. బీపీ, షుగర్, కవలలు, రక్తహీనత ఎక్కువ ఉంటే బ్లడ్ బ్యాంకు, పిల్లల ఐసీయూ ఉన్న పెద్ద సర్కారు ఆస్పత్రి గానీ, పెద్ద ప్రైవేటు గానీ. వరంగల్ సీకేఎం, హైదరాబాద్ పేట్లబురుజు, విశాఖ ఘోషా ఆస్పత్రి వంటివి ఇలాంటి కేసులు రోజూ చూస్తాయి. ఏ సమస్యా లేని తొలి కాన్పుకు, డబ్బు ఇబ్బంది ఉంటే, సర్కారు ఆస్పత్రే నా మొదటి ఎంపిక. డబ్బు ఉండి, మనిషి పక్కన ఉండాలనుకుంటే ప్రైవేటు, కానీ అక్కడ వందలో ఎంతమందికి నార్మల్ అవుతుందో అడిగి, జవాబు చెప్పగలిగిన చోటికే. మత్తు డాక్టర్‌ను బయటి నుంచి పిలిపించే చిన్న నర్సింగ్ హోమ్‌లో మాత్రం నొప్పులు రప్పించుకోవద్దు. రాత్రి రెండింటికి బిడ్డ గుండె చప్పుడు తగ్గితే ఆ మనిషి వచ్చేదాకా ఆగే టైము ఉండదు. ప్యాకేజీ ఎంత తక్కువైనా ఇదొక్కటి నేను ఒప్పుకోను.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు కాన్పు పరిమితి ఎంతో, పుట్టిన రోజు నుంచే బిడ్డకు కవర్ ఉందో లేదో చూసుకోండి. విడిగా కొనుక్కున్న పాలసీల్లో కాన్పుకు సాధారణంగా రెండు మూడేళ్లు ఆగాలి, కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీలో చాలాసార్లు మొదటి రోజు నుంచే ఉంటుంది.

అమెరికాలో ఉన్న అక్కాచెల్లెళ్లకు వేరే లెక్క. అక్కడ కంపెనీ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు 2018-20 మధ్య గర్భం, కాన్పు, ఆ తర్వాతి వైద్యం కలిపి సగటు ఖర్చు 18,865 డాలర్లు, అందులో చేతి నుంచి పడింది 2,854 డాలర్లు. డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేముందు ఏటా మనం చేతి నుంచి కట్టాల్సిన మొత్తం, చాలా పాలసీల్లో జనవరి 1న మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి, జనవరి మొదటి వారంలో డేట్ ఉన్నవాళ్లు డిసెంబరులోనే నొప్పులు రప్పించుకుందామా అని ఆలోచిస్తారు. 39 వారాలు నిండి, ముఖద్వారం సిద్ధంగా ఉండి, డాక్టర్ సరేనంటే అది తప్పేమీ కాదు. 39 నిండకుండా మాత్రం ఎన్ని డాలర్లు మిగిలినా వద్దు. బిడ్డ పేరును 30 రోజుల్లోపు ఇన్సూరెన్స్‌లో చేర్చడం మరవకండి.

ఏ దారి ఎంచుకున్నా, బిడ్డ కదలికలు తగ్గడం, రక్తం పోవడం, తీవ్రమైన తలనొప్పితో కళ్లు బైర్లు కమ్మడం, ఆకుపచ్చ నీరు పోవడం, వీటిలో ఏది కనిపించినా ఇవన్నీ వదిలేసి 108కి ఫోన్ చేయండి.

చెల్లికి ఇప్పుడు రెండో నెల. మొన్న తొలి స్కాన్ తీయించాం. ఆ రిపోర్టును జిరాక్స్ తీయించి ఫైల్ మొదటి పేజీలో పెట్టాను, డేట్ చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి.